చిన్న వృద్ధాశ్రమంలో సేవ ఎలా ఉన్నదో తెలుసుకొనుట ఎలా?

గుడిబండె, బాగేపల్లి, చింతామణి తాలూకాల పల్లెలలో వృద్ధులైన తల్లిదండ్రులు ఊరిలోనూ, బిడ్డలు బెంగళూరులోనూ ఉండడం నేడు సాధారణమైనది. పాడి, పంట చూసుకోగలిగినన్నాళ్ళు చిక్కు లేదు. మంచం పట్టినప్పుడో, మతిమరుపు ముదిరినప్పుడో, ఇంటిలో చూసే దిక్కు లేనప్పుడో కుటుంబం వృద్ధాశ్రమం వైపు చూస్తుంది. పదిమందో ఇరవైమందో ఉండే చిన్న ఆశ్రమం ఇల్లు వలె కనిపిస్తుంది. అక్కడ పేరు పెట్టి పలకరించే చనువు ఏర్పడుతుంది. అయితే ఒక్క ఆయా సెలవు పెడితే రాత్రి చూసేవారు ఉండరు. లోపల జరిగేది బయటివారికి తెలియదు. కావున చేర్చే ముందూ, చేర్చిన తరువాతా కుటుంబమే పరీక్షించి చూసుకోవలసి ఉన్నది.

మూడు కొలతలు

వైద్యసేవ నాణ్యతను మూడు విధాల కొలవవచ్చునని అవేడిస్ డోనబేడియన్ అనే వైద్యుడు 1966లో ప్రతిపాదించాడు. మొదటిది వసతి, అనగా కట్టడం, మంచాలు, సిబ్బంది. రెండవది జరిగే పని, అనగా స్నానం, భోజనం, మందు ఇచ్చే తీరు. మూడవది ఫలితం, అనగా అక్కడి పెద్దలు ఎలా ఉన్నారన్నది. చూడవచ్చిన వారికి నిర్వాహకులు సాధారణంగా చూపేది మొదటిదే. అసలు సంగతి తక్కిన రెండింటిలో ఉంటుంది.

ఇంగ్లండులో 2009 నుండి పనిచేస్తున్న కేర్ క్వాలిటీ కమిషన్ ప్రతి ఆశ్రమం విషయంలోనూ ఐదు ప్రశ్నలు వేస్తుంది: భద్రత ఉన్నదా, సేవ ఫలిస్తున్నదా, ఆదరణ ఉన్నదా, ఎవరి అవసరానికి తగినట్లు వారిని చూస్తున్నారా, నిర్వహణ సక్రమమా? తనిఖీ నివేదికలను ప్రజల ముందు ఉంచుతుంది. అటువంటి నివేదిక చేతిలో లేని కుటుంబం ఆ ప్రశ్నలను తానే వేసుకోవాలి.

మంచం పట్టినవారిని ముందు చూడాలి

ఆశ్రమంలో అందరికన్నా అశక్తులైన వారి స్థితియే ఆశ్రమం స్థితి. కదలలేని వారిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అలా చేయనిచోట నడుము కింద, తుంటి వద్ద, మడమల వద్ద పుండ్లు పడతాయి. వేలితో నొక్కినా చెరగని ఎరుపు దీనికి తొలి గుర్తు. గోళ్ళు, నోటి శుభ్రత, పక్కబట్టల తడి కూడా గమనించాలి.

నెలనెలా బరువు రాసే పుస్తకం ఉన్నదేమో అడగాలి. 50 కిలోల మనిషి కారణం లేకుండా ఒక నెలలో 2.5 కిలోలు, లేదా ఆరు నెలలలో 5 కిలోలు తగ్గితే వైద్యునికి చూపవలసిందే. పట్టపగలు అందరూ మత్తుగా పడి ఉంటే ఏ మాత్రలు ఇస్తున్నారో, ఏ వైద్యుడు రాశాడో తెలుసుకోవాలి. మంచానికి కట్టివేయడం ఎంతమాత్రం సేవ కాదు.

నీరు, తిండి, మందు

ఈ ప్రాంతంలో లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండడం చాలాకాలంగా తెలిసినదే. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణం. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. కీళ్ళు పట్టిన పెద్దలకు తాగడానికే కాక, వంటకు కూడా ఏ నీరు వాడుతున్నారో అడగాలి.

పళ్ళు లేనివారికి మెత్తగా పెడుతున్నారా, తినలేనివారికి తినిపించే మనిషి ఉన్నారా అన్నది భోజనవేళ కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. ఎవరికి ఏ మందు ఏ వేళ ఇచ్చారో రాసిన పుస్తకం ఉండాలి. ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు ఏమి చేస్తారో అడగాలి. రాత్రి ఎందరు మేలుకొని ఉంటారు, అర్ధరాత్రి ప్రాణం మీదికి వస్తే 108కి ఎవరు ఫోన్ చేస్తారు, వెంట ఎవరు వెళ్తారు అన్నవి ముందే తేల్చుకోవాలి.

మాట తెలిసిన మనిషి

సరిహద్దు పెద్దలలో అనేకులకు తెలుగు, కన్నడం రెండూ వచ్చు. మతిమరుపు జబ్బు ముదిరేకొద్దీ తరువాత నేర్చిన భాష జారిపోయి, చిన్ననాటి భాష మిగలడం చాలామందిలో కనిపిస్తుంది. సలుపు, తిమ్మిరి, ఆయాసం అనే మాటలు తెలియని ఆయాకు ఆ బాధ కూడా తెలియదు. కావున పగలు, రాత్రి ఒక్కరైనా ఆ పెద్దల ఇంటిభాష తెలిసినవారు ఉండాలి. వారిని అవ్వా, తాతా అని పిలుస్తున్నారా, కసురుతున్నారా అన్నది కూడా చెవికి తెలుస్తుంది.

చూడబోయే వేళ

చెప్పి వెళ్ళడం ఒకసారి, చెప్పకుండా వెళ్ళడం పలుసార్లు జరగాలి. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి భోజనవేళ ఒకసారి వెళ్ళడం మేలు. పెద్దలతో కొంతసేపు ఒంటరిగా కూర్చోవాలి. అందుకు ఆశ్రమం ఒప్పుకోకపోతే అనుమానించవలసిందే. "బాగానే ఉన్నానులే నాయనా" అనే మాటను మాత్రమే నమ్మరాదు. బిడ్డకు బరువు కాకూడదనో, ఆయా కోపగించుకుంటుందనో పెద్దలు బాధను దాచుకుంటారు.

నెలకు ఎంత, ఆసుపత్రి ఖర్చు ఎవరిది, కట్టిన డిపాజిట్టు తిరిగి ఇస్తారా అన్నవి కాగితం మీద ఉండాలి. పింఛను పాసుపుస్తకం ఎవరి వద్ద ఉన్నదో, వేలిముద్ర ఎవరు వేయిస్తున్నారో కుటుంబానికి తెలిసి ఉండాలి.

చట్టం ఇచ్చే అండ

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఈ చట్టం ప్రకారం 60 ఏళ్ళు నిండినవారు వయోవృద్ధులు. పోషణ కోసం కర్ణాటకలో అసిస్టెంట్ కమిషనర్, ఆంధ్రప్రదేశ్‌లో రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షత వహించే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. పెద్దలు ఉన్న జిల్లాలో గానీ, బిడ్డలు ఉన్న జిల్లాలో గానీ అర్జీ చెల్లుతుంది. తల్లి గుడిబండెలో, కొడుకు హిందూపురంలో ఉన్న కుటుంబాలకు ఇది ముఖ్యం. పోషిస్తారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, పోషించనప్పుడు రద్దు చేయమని 23వ సెక్షన్ కింద కోరవచ్చు. ఆ షరతు దస్తావేజులోనే రాసి ఉండడం క్షేమం. పెద్దలను గాలికి వదిలేస్తే 24వ సెక్షన్ శిక్ష చెబుతుంది. సలహాకు, ఫిర్యాదుకు వయోవృద్ధుల ఉచిత ఫోన్ 14567 ఉన్నది.

ఆశ్రమంలో చేర్చడంతో కుటుంబం బాధ్యత తీరదు. తరచూ వచ్చి చూసేవారు ఉన్నారని తెలిసినచోట ఆ మంచం వద్దకు ఆయా ముందుగా వస్తుంది. ఎవరూ రాని మంచాన్ని కూడా వచ్చినవారు ఒకసారి పలకరించి పోవడం ఆ ఆశ్రమంలోని అందరికీ మేలు చేస్తుంది.