తండయారుపేట నుంచి కాశీ దాకా

మా తండయారుపేటకు ఆ పేరు కుణంగుడి మస్తాన్ సాహెబు వల్ల వచ్చిందంటారు. రామనాథపురం సీమలోని తొండి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సూఫీ కవి ఆయన. జనం తొండియార్ అని పిలిచేవారట. తమిళులు ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. అదే కాలంలో ఇదే పేటలో తోట ఇల్లు కట్టుకుని ఉన్న తెలుగు గృహస్థు ఏనుగుల వీరాస్వామయ్య పేరు చెబితే మాత్రం, ఉత్తర చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లు కూడా ఎవరాయన అని అడుగుతారు. నాకది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

హైకోర్టు రాకముందు చెన్నపట్నంలో సుప్రీంకోర్టు ఉండేది. వీరాస్వామయ్య అందులో పెద్ద దుబాసీ. అరవంలో, తెలుగులో సాక్షులు చెప్పే మాటల్ని తెల్ల జడ్జీలకు ఇంగ్లీషులో వినిపించే పని. తండ్రి చిన్ననాడే పోయినా, సొంత తెలివితో చదువుకుని ఆ స్థాయికి ఎదిగాడు. జడ్జీల దగ్గర సెలవు పుచ్చుకుని 1830 మే 18న కాశీకి బయలుదేరి, ఆ రాత్రికి మాధవరం చేరాడు. కత్తిరి ఎండల్లో పగటి ప్రయాణం ఆడవాళ్లకూ బోయీలకూ కష్టమనే పొద్దుగుంకాక కదిలాడేమో అనిపిస్తుంది నాకు.

ఎందుకంటే, ఒక్కడే మూట భుజాన వేసుకుని వెళ్లిన యాత్ర కాదది. తల్లి, ఇల్లాలు, అయినవాళ్లు, పల్లకీలు మోసే బోయీలు, నౌకర్లు, అంతా కలిపి నూరుమంది దాకా వెంట ఉన్నారు. వాళ్లందరికీ రెండు పూటలా అన్నం పెట్టాల్సిన ఇంటిపెద్ద ఆయనే. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు మీదుగా ప్రయాగ, కాశీ. అక్కణ్ణుంచి గయ, కలకత్తా, పూరీ జగన్నాథం. ఆపైన శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కోస్తా వెంట తిరుగుదారి. రైలు లేని రోజులు. 1831 సెప్టెంబరు 3న మళ్లీ ఇల్లు చేరేసరికి పదిహేనున్నర నెలలు పట్టింది.

దారిలో రాసుకున్నదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చాడు. అదే 'కాశీయాత్ర చరిత్ర'. పండితులు అందులో దొరతనం తీరు, సుంకాలు, కులాలు, భాషల మాటలు వెతుకుతారు. అవన్నీ ఉన్నాయి, విలువైనవే. నన్ను పట్టి నిలిపేవి మాత్రం మజిలీల దగ్గర రాసిన చిన్న మాటలు. ఊరు ఎన్ని ఆమడల దూరం, బావి ఉందా, అంగట్లో సరుకులు దొరుకుతాయా, దిగడానికి సత్రం ఉందా, గుడారం వేసుకోవాలా, దారి ఇసుకా, రాళ్లా, అడవా.  తన వెనక ఇంకెవరో తల్లినీ పిల్లల్నీ వెంటబెట్టుకుని ఇదే దారిన వస్తారని, వాళ్లు ఇబ్బంది పడకూడదని రాశాడు. ఊరంతా తన ఇల్లే అనుకున్నవాడి రాత అది.

ఆయన 1836లో పోయాడు. రెండేళ్లకు, 1838లో, శ్రీనివాస పిళ్లె స్నేహితుడి జీవితాన్ని కూడా రాసి పుస్తకం అచ్చువేయించాడు. మస్తాన్ సాహెబు కన్ను మూసిందీ ఆ ఏడే. నూరేళ్లు దాటాక, 1941లో, బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావు దాన్ని పరిష్కరించి మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఆ మేలు తెలుగువాళ్లు గుర్తుంచుకోదగ్గది.

మొన్న మే నెలలో, సాయంకాలం చల్లబడ్డాక, మా మనవణ్ణి వెంటబెట్టుకుని తండయారుపేట నుంచి మాధవరానికి నడిచాను. కొరుక్కుపేట గేటు దాటి, వ్యాసర్‌పాడి మీదుగా, మూలకడై సందడిలో లారీలు తప్పించుకుంటూ వెళ్లాం. దారిపొడుగునా వీరాస్వామయ్య కథ చెబుతూనే ఉన్నాను. వాడు వింటున్నాడో లేదో తెలియలేదు. మాధవరం చేరేసరికి చీకటి పడింది. వాడు నా చెయ్యి పట్టుకుని ఆగి, "తాతా, ఇక్కడ నీళ్లెక్కడ దొరుకుతాయి?" అన్నాడు.