పుల్లరి పోరు

విలియం వైలర్ 1958లో తీసిన ‘ది బిగ్ కంట్రీ’లో ఇద్దరు పశుస్వాములు మందలకు నీరందించే నేలకై పగబట్టి, చివరకు ఒకరినొకరు కాల్చుకొని కూలుతారు. చూసినంతసేపూ నాకు మన కాటమరాజే స్ఫురించాడు.

13వ శతాబ్దిలో, కరవు వల్ల శ్రీశైల ప్రాంతం నుండి ఆలమందలను నెల్లూరు సీమకు తోలుకొచ్చిన యాదవ నాయకుడాయన. ప్రభువు నల్లసిద్ధితో ఒడంబడిక చేసుకొన్నాడు: పచ్చిక ఆలకు, పుట్టిన కోడెదూడలు పుల్లరిగా ప్రభువుకు. వానలు కురియలేదు, పచ్చిక మొలవలేదు. మేత లేనిదే పుల్లరి ఎక్కడిదన్నాడు కాటమరాజు. నా మట్టుకు ఆ వాదమే న్యాయం.

పాలేటి ఒడ్డున పోరు జరిగింది. అందులో నేలకూలిన ఖడ్గతిక్కన పచ్చికకూ, దూడలకూ యజమాని కాడు. ఏలిక పక్షాన కత్తి పట్టినవాడు, భారతకర్త తిక్కనకు సోదర వరుస. అన్నట్టు, 1922లో పలనాట కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చిందీ పుల్లరి తగవులోనే.