చదువులో వెనుకబడ్డ పిల్లవాడికి తోడు – కొంత చరిత్ర

మూడో తరగతికి వచ్చినా వాచకంలో నాలుగు ముక్కలు కూడబలుక్కుని చదవలేని పిల్లలు ఉంటారని మన సొసైటీ సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. "మావాడికి బుర్ర లేదండీ" అని తండ్రి అంటాడు. "ఇంట్లో చూసేవాళ్ళు లేరు" అని పంతులుగారు అంటారు. ఈ రెండు మాటల మధ్య పిల్లవాడు ఐదో తరగతి దాకా నెట్టుకొస్తాడు. అలాంటి వాణ్ణి మొదట్లోనే ఎట్లా అందుకోవాలన్న ఆలోచన ఈనాటిది కాదు. ఆ చరిత్రలో మన ప్రాంతానికి గల పాత్ర కూడా తక్కువది కాదు.

వెనుకటి వీధి బడిలో పంతులు ఒక్కడే, పిల్లలు రకరకాల ఈడువాళ్ళు. కొత్తగా చేరినవాడు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని దిద్దించేది చాలాసార్లు ముందు చేరిన పిల్లవాడే. మన మక్తబులలోనూ పెద్ద పిల్లలు చిన్నవాళ్ళ చేత సబఖ్ అప్పజెప్పించుకోవడం తెలిసిన సంగతే. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు ఈ ఇసుక రాతను చూసి తన బడిలో పెట్టమన్నాడు. అక్కడి ఉపాధ్యాయులకు అది నచ్చలేదు, కుదరదన్నారు. ఆయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాడికి అక్షరాల తరగతి అప్పగించాడు. కుర్రవాడు నెగ్గుకొచ్చాడు! 1797లో బెల్ దీన్ని లండనులో పుస్తకంగా ప్రచురించాడు. అదే 'మద్రాసు పద్ధతి' పేరుతో ఇంగ్లండు అంతా పాకింది. కానీ నా అభిప్రాయంలో వాళ్ళు ఇక్కడినుంచి తీసుకున్నది ఎక్కువగా పొదుపునే. ఒక్క మాస్టరు కింద వందలమందిని కూర్చోబెట్టి కవాతులా నడిపిస్తే, వెనుకబడ్డవాడు మళ్ళీ వెనుకనే మిగులుతాడు.

ఇంకొక సాక్ష్యం బళ్ళారిది. ఆనాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. గవర్నరు మన్రో 1822లో ఆదేశించిన విచారణకు కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో జవాబు వ్రాశాడు. ఈయన 1816లో తెలుగు వ్యాకరణం వ్రాసినవాడే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు అని లెక్క. కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, పారశీకం 21 బడులలో నేర్పేవారు. చదువుకునేవారిలో ముస్లిం పిల్లలు 243 మంది మాత్రమే. బాలికలు మొత్తం 60 మంది, వారిలో ముస్లిం బాలిక ఒక్కతె కూడా లేదు. చదివిన పిల్లవాడు చదవనివాడికి నేర్పే పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. అందువల్ల నేర్పేవాడి చదువు కూడా గట్టిపడుతుందని గమనించాడు. ఐతే అసలు లోపం కూడా చెప్పాడు. పుస్తకాల భాష పద్యభాష, ఇంట్లో మాట్లాడేది వేరు. అర్థం తెలియకుండానే పిల్లలు చిలకల్లా వల్లిస్తున్నారన్నాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు వాచకం పట్టుకునే మన పిల్లవాడి గొడవ కూడా చాలావరకు ఇదే కదా!

ఆ తరువాత సుమారు నూటనలభై ఏళ్ళు దాటి న్యూజిలాండుకు పోవాలి. మేరీ క్లే అనే ఆమె 1960లలో ఆక్లండులో బడిలో చేరిన వందమంది పిల్లలను మొదటి ఏడాదంతా వారం వారం గమనించింది. తడబడటం మొదటి ఏడాదిలోనే కనిపిస్తుందని, అప్పుడే పట్టుకోవాలని ఆమె వాదన. ఆరేళ్ళు నిండేసరికి వెనుకబడ్డ పిల్లవాడికి రోజూ అరగంట, ఒక్కడికే ఒక టీచరు, కొన్ని వారాలపాటు. ఈ పద్ధతి చాలా దేశాలకు వెళ్ళింది. అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధాన్ని సూటిగా నేర్పడంలో లోపముందని విమర్శలు వచ్చి, 2025 నుంచి న్యూజిలాండు ప్రభుత్వమే దీన్ని పక్కన పెట్టింది. మన తెలుగు అక్షరం పలికినట్టే వ్రాసేది కనుక మనకు ఆ చిక్కు తక్కువ. మన పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది గుణింతాల దగ్గర, వత్తుల దగ్గర.

మన దేశంలో ఈ పనికి పెద్ద ఎత్తున పూనుకున్నది 1994లో బొంబాయిలో మొదలైన 'ప్రథమ్' సంస్థ. 'బాలసఖి' అని పేరు పెట్టి, ఆ బస్తీలోనే ఉండే, స్కూలు చదువు ముగించిన యువతులను తీసుకున్నారు. నెలకు ఇచ్చింది ఐదువందల నుంచి ఏడువందల యాభై రూపాయలు. మూడు, నాలుగు తరగతుల్లో వెనుకబడ్డ పదిహేను ఇరవైమందిని రోజూ రెండు గంటలు వేరే కూర్చోబెట్టి మొదటినుంచి నేర్పేవారు. 2001 నుంచి 2003 వరకు బొంబాయి, వడోదరా బడుల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ప్రభృతులు దీన్ని పరీక్షించారు. లాభం అంతా బాలసఖి దగ్గర కూర్చున్న పిల్లలకే వచ్చింది. వాళ్ళు లేచిపోయాక తరగతి పలచబడినా, మిగిలినవాళ్ళకు చెప్పుకోదగ్గ మార్పు రాలేదు! అంటే పిల్లల సంఖ్య తగ్గించడం ఒక్కటే మందు కాదు, పాఠం పిల్లవాడి స్థాయికి దిగాలి.

మనవంటి సంఘాలు ముఖ్యంగా చూడవలసినది ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ అనుభవం. 2005–06లో అక్కడ గ్రామాల యువకులే స్వచ్ఛందంగా బడి తరువాత చదువు శిబిరాలు పెట్టారు. హాజరైన పిల్లలు బాగా నేర్చుకున్నారు, అందులో సందేహం లేదు. కానీ ఊళ్ళో పిల్లల్లో వచ్చినది నూటికి ఎనిమిదిమందే. బొత్తిగా చదవలేనివాళ్ళలో కూడా చాలామంది ఆ ఛాయలకే రాలేదు. బెనర్జీ, డుఫ్లోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది గాని, జౌన్‌పూర్ సంగతి పత్రికల్లో ఎవరూ అంతగా వ్రాయలేదు. 2012–13లో హర్యానాలో దారి మార్చారు. శిబిరం కాదు, బడి వేళల్లోనే రోజుకు ఒక గంట. మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలను కలిపి, తరగతిని బట్టి కాక ఎవరికి ఎంత చదవడం వచ్చో చూసి గుంపులు చేశారు. నేర్పింది ఆ బడి పంతుళ్ళే. తనిఖీకి అధికారులు తరచు వచ్చేవారు. అక్కడ ఫలితం కనిపించింది. తెలంగాణలో 2022లో మొదలైన 'తొలిమెట్టు' కూడా పిల్లవాడికి ఏమి వచ్చో ముందు పరీక్షించి, అక్కడినుంచే పాఠం మొదలుపెట్టమంటుంది.