తొలకరి గడ్డికి గడువు: యాలాల్ పరిసర పచ్చిక బయళ్లపై గొర్రెల మేత ప్రభావం

వికారాబాద్, తాండూరు, యాలాల్ చుట్టుపక్కల మందలు మేసే నేల చాలావరకు రెండు తీరులుగా ఉంటుంది. నాపరాయి పొరల మీద పల్చగా పరుచుకున్న నల్లరేగడి ఒకటి, ఎర్రటి మొరం గుట్టలూ వాటి వాలూ మరొకటి. గైరాన్, కంచ, బంచరాయి అని ఊళ్లలో పిలిచే ఉమ్మడి మేత భూములు ఎక్కువగా సాగుకు లొంగని ఈ నేలల్లోనే మిగిలాయి. వీటి పరిస్థితి గురించి మాట వస్తే రెండు వాదాలు వినిపిస్తాయి. గొర్రెలు, మేకలు గడ్డిని మొదలంటా నాశనం చేశాయని అటవీ, భూసంరక్షణ రంగాల్లో చాలాకాలంగా ఉన్న అభిప్రాయం. తాతల నాటి నుంచీ మేపుతున్నాం, గడ్డి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది కదా అని కాపరుల మాట. రెండింటిలోనూ నిజం ఉంది. మంద ఎంత పెద్దది అన్నదానితో పాటు అది ఏ కార్తెలో మేస్తోంది అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటేనే ఈ రెండు నిజాలూ ఒకచోట ఇముడుతాయి. ఈ వ్యాసం చెప్పదలచింది అదే.

మేత ఈ నేలకు కొత్త కాదు. కాగ్నా నది తాండూరు దాటి కర్ణాటకలో భీమలో కలుస్తుంది. ఆ భీమ కృష్ణలో కలిసే ప్రాంతానికి దాపున, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉంది. ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1957లో అక్కడ తవ్వకాలు జరిపి, 1963లో ఆ పరిశోధనను పుస్తకంగా తెచ్చాడు. అది పశువుల దొడ్డి. పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చగా ఏర్పడిన బూడిద పొరల కింద పశువుల గిట్టల ముద్రలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. కాలం క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్ది. అంటే ఈ దక్కన్ గడ్డి నాలుగు వేల ఏళ్లకు పైగా మందల నోటి కింద బతుకుతూ వచ్చింది.

ఈ చరిత్రకు పర్యావరణ శాస్త్రంలో బరువుంది. మిల్చునాస్, లావెన్‌రాత్ 1993లో ప్రపంచవ్యాప్తంగా 236 చోట్ల మేసిన నేలనూ మేయని నేలనూ పోల్చిన ఫలితాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. మేత వల్ల గడ్డి జాతుల కూర్పు ఎంత మారుతుందన్నది ఆ నేల ఉత్పాదకత మీద, అక్కడి మేత చరిత్ర మీద ఎక్కువగా ఆధారపడిందని, మేత తీవ్రత ప్రభావం వాటి తర్వాతేనని వారికి తేలింది. ఉట్నూరు పశువుల దొడ్డి ఉన్న పీఠభూమిని, మందలను ఎన్నడూ ఎరుగని నేలతో సమానంగా చూడటం సరికాదు.

వాన లెక్క కూడా మేతను పూర్తిగా తప్పుపట్టనివ్వదు. మహేశ్ శంకరన్ బృందం 2005లో ఆఫ్రికా సవానాల మీద ప్రచురించిన పత్రం ప్రకారం, ఏటా సుమారు 650 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోట చెట్లను అదుపులో ఉంచేది నీటి కొరతే. అంతకు మించి పడే చోట నిప్పో, మేతో లేకపోతే చెట్లూ పొదలూ గడ్డిని కమ్మేయగలవు. ఆఫ్రికా లెక్కను ఉన్నదున్నట్టు ఇక్కడికి తేలేం. అయినా యాలాల్ ప్రాంతంలో ఏటా 800–900 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది గనుక, ఇక్కడి గడ్డి గడ్డిగా నిలవడంలో మందలకూ వంతు ఉందని భావించడం సమంజసం. పచ్చిక బయలు కనబడగానే పాడైన అడవి అనుకుని గుంతలు తీసి మొక్కలు నాటే అలవాటును ఈ కోణంలో తిరిగి పరిశీలించాలి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వెలువరించే బంజరు భూముల అట్లాసుల్లో పొదల నేలలూ, క్షీణించిన మేత భూములూ బంజరు కిందికే వస్తాయి. ఇదే జిల్లాలోని ఎన్కతల బయళ్లకు చలికాలంలో వలస వచ్చే హారియర్ గద్దలకు కావలసింది మాత్రం ఆ చెట్లు లేని గడ్డే.

దుబ్బు లోపల జరిగేది

ద్వీపకల్ప భారతంలోని గడ్డిభూముల్లో అత్యధిక భాగాన్ని దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ 1973లో సెహిమా–డైకాంథియమ్ అనే ఒక్క రకం కింద చేర్చారు. గుట్టల మీద, గులకనేలల్లో సెహిమా నెర్వోసమ్. మట్టం నేలల్లో, నల్లరేగడిలో డైకాంథియమ్. రెండూ బహువార్షికాలు, రెండూ పశువులు ఇష్టంగా తినేవే. ఒత్తిడి పెరిగితే ఇవి తగ్గి, ఎండిన గింజ ముల్లు బట్టలకూ ఉన్నికీ గుచ్చుకునే హెటెరోపోగాన్ ముందుకొస్తుంది. ఇంకా పెరిగితే అరిస్టిడా వంటి గరుకు గడ్డీ, ఒక్క వానాకాలం బతికి పోయే గడ్డీ మిగులుతాయి. ఆ తర్వాత తంగేడు, వయ్యారిభామ, సర్కారు తుమ్మ. నేల అప్పుడూ పచ్చగానే కనబడుతుంది. మందకు మాత్రం అందులో నోటికి అందేది తక్కువ.

ఈ దిగజారుడు ఎలా మొదలవుతుందో తెలియాలంటే ఒక్క గడ్డి దుబ్బును దగ్గరగా చూడాలి. ఎండాకాలమంతా పైభాగం ఎండి, ప్రాణం మొదట్లోనూ వేళ్లలోనూ దాగి ఉంటుంది. మిరుగు వానకు వచ్చే తొలి ఆకులు ఆ ఏటి ఎండతో తయారైనవి కావు. కిందటేడు మొదట్లో దాచుకున్న పిండి పదార్థాన్ని ఖర్చుపెట్టి దుబ్బు వాటిని తొడుగుతుంది. ఆ ఆకులు విప్పుకుని, కొంతకాలం ఎండను పట్టాకే ఖర్చైనది తిరిగి నిండుతుంది. ఈ లోపే మంద వచ్చి కొరికితే దుబ్బు మళ్లీ నిల్వలోంచి తీస్తుంది, మళ్లీ కొరికితే మళ్లీ తీస్తుంది. ఫ్రాంక్లిన్ క్రైడర్ 1955లో అమెరికాలో వెలువరించిన ప్రయోగాల్లో, ఒక్కసారిగా సగానికి మించి ఆకు కోసేసిన గడ్డిలో వేళ్ల పెరుగుదల కొన్నాళ్లపాటు ఆగిపోయింది. వేరు ఆగిన దుబ్బు తర్వాత వచ్చే వాన ఎడాన్ని తట్టుకోవడం కష్టం.

అదే గడ్డి భాద్రపదంలో కొరికితే కథ వేరు. పెరుగుదల మొన మొదట్లో, ఆకు తొడుగుల మధ్య భద్రంగా ఉన్నంతకాలం తెగిన ఆకు కింది నుంచి మళ్లీ పెరుగుతుంది. నిల్వలు నిండిన దుబ్బు అదనంగా పిలకలు వేస్తుంది. సెరెంగెటిలో మెక్‌నాటన్ 1979లో చూపించినది ఇటువంటిదే: మితమైన మేత కింద గడ్డి పోయినదాన్ని పూడ్చుకోవడమే కాక, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే పెరగగలదు. గింజ కట్టాక మేస్తే నష్టం ఇంకా తక్కువ.

ఏ పశువు మేస్తోంది అన్నదీ చూడాలి. ఆవు, బర్రె గడ్డిని నాలుకతో చుట్టి తెంపుతాయి గనుక కింద కొంత మోడు మిగులుతుంది. గొర్రె పైపెదవి మధ్యలో చీలి ఉంటుంది. అది నేలకు మూతి ఆనించి, ఏరి ఏరి, దాదాపు మట్టి మట్టానికి కొరకగలదు. ఎడ్లూ ఆవులూ తగ్గి ఆ జాగాలో గొర్రెలు పెరిగితే, మేత బరువు లెక్కలో సమానంగా ఉన్నా దుబ్బు మొదలుపై పడే దెబ్బ సమానం కాదు. 2012 పశుగణనలో తెలంగాణలో 1.28 కోట్లుగా ఉన్న గొర్రెలు 2019 నాటికి 1.91 కోట్లకు చేరాయి. సగటున చదరపు కిలోమీటరుకు సుమారు 170. దేశంలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. 75 శాతం రాయితీతో 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం 2017 జూన్‌లో మొదలైంది. అది గొల్ల, కురుమ కుటుంబాలకు ఆస్తిని సమకూర్చింది, ఆ మేలును తక్కువ చేయకూడదు. మేత నేల మాత్రం ఆ లెక్కన పెరగలేదు.

కంది చేను, మంద దారి

తాండూరు ప్రాంతంలో తొలకరి మేత ఇంత ఒత్తిడిగా మారడానికి నాకు కనిపించే ముఖ్యకారణం ఇక్కడి పంటే. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది దీర్ఘకాలపు పంట. మిరుగు, ఆరుద్ర వానలకు విత్తితే డిసెంబరు, జనవరి దాకా చేనులో నిలబడుతుంది. అన్నాళ్లూ చేలు మందకు మూసినట్టే. స్వల్పకాలిక పంటల తర్వాత బీడు పడే నేల ఎక్కువగా ఉంటే మంద అక్కడికి మళ్లే వీలుంటుంది. కంది విస్తరించిన ఊళ్లో వానాకాలమంతా అన్ని మందలకూ మిగిలేది బంచరాయి, గుట్ట, వాగు ఒడ్డు. గడ్డికి విశ్రాంతి అత్యవసరమైన తొలకరి వారాలూ, మందలకు వేరే దారి లేని వారాలూ ఒకటే కావడం ఇక్కడి సమస్యకు మూలం. దీనికి తోడు నాపరాయి గనులూ వాటి వ్యర్థాల గుట్టలూ కొంత మేత నేలను మింగాయి. ఎవరి తప్పూ లేకుండానే మంద తిరిగే వృత్తం కురచైంది.

ఇంకో నష్టం కంటికి కనబడదు. పగలు బంచరాయిలో మేసిన మందను కోతల తర్వాత రైతులు రాత్రిళ్లు తమ చేలో నిలుపుకుంటారు. పెంటికలూ మూత్రమూ చేనుకు ఎరువు. కాపరికి ధాన్యమో డబ్బో ముడుతుంది. ఎంతో తెలివైన ఏర్పాటు ఇది, ఇద్దరికీ లాభమే. కానీ అలా నిలిపిన ప్రతి రాత్రీ ఉమ్మడి నేల నత్రజని, భాస్వరం చేలకు తరలిపోతుంటాయి. తిరిగి వచ్చేది ఏమీ లేదు. మేత భూమికి పోషకాలు తిరిగి చేర్చడం గురించి మన పథకాల్లో ఎక్కడా మాట వినబడదు.

మేతను పూర్తిగా ఆపేస్తే సరిపోతుందా? రోళ్లపాడు అనుభవం దీనికి తేలికైన జవాబు ఇవ్వనివ్వదు. బట్టమేక పిట్ట కోసం 1988లో ఉమ్మడి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. లోపల కొంత భాగంలో మేతను కట్టడి చేయగా గడ్డి ఏపుగా పెరిగింది, కృష్ణజింకలూ బాగా పెరిగాయి. అయితే బట్టమేక పిట్ట మగది ఆడదాన్ని ఆకర్షించేందుకు ఎంచుకునేది నలువైపులా కనిపించే పొట్టి గడ్డిని. ఆడది నేల మీద గుడ్డు పెట్టడానికి కొంత మరుగు కావాలి. ఒకే ఎత్తు గడ్డితో దానికి గడవదు. చుట్టూ సాగునీరు వచ్చి వానాధార పంటల తీరు మారడం అన్నిటికంటే పెద్ద దెబ్బ. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ ఆ పక్షి కనిపించడం దాదాపు ఆగిపోయింది. కంచె వేయడం వల్లే అది పోయిందనడం అన్యాయం. కంచె ఒక్కటీ దాన్ని నిలపలేకపోయిందన్నది మాత్రం వాస్తవం.

కడప లంకమలలో కలివికోడి కథ కూడా ఇటువైపే చూపుతుంది. 1986లో తిరిగి కనబడిన ఆ పక్షి మరీ దట్టమైన పొదల్లోనూ, మరీ బోడి నేలల్లోనూ కాకుండా నడిమి రకం పొదల నేలను ఎంచుకుంటుందని 2004లో ప్రచురితమైన జగన్నాథన్ బృందం పరిశోధన తేల్చింది. అటువంటి నేల ఏర్పడడంలో మేతకూ కట్టెల కోతకూ పాత్ర ఉంది.

యాలాల్ మండలంలో పరీక్షించదగిన ప్రతిపాదన ఇది. ఒక ఊరి ఉమ్మడి మేత నేలను మూడు ముక్కలుగా భావించి, ఏటా ఒక ముక్కను మిరుగు నుంచి ఆశ్లేష ముగిసేదాకా వదిలేయాలి. ఆ తర్వాత మందను నిరభ్యంతరంగా దింపవచ్చు. మరుసటి ఏడు వంతు మారుతుంది. దీనికి గోడలు అక్కర్లేదు, కాపరుల కట్టుబాటు చాలు. అయితే ఆ వారాల్లో మంద ఆకలికి జవాబు లేకుండా కట్టుబాటు నిలవదు. కంది కోతల్లో రాలే ఆకునూ పొట్టునూ నిల్వచేసి ఆ వారాలకు దాచగలగాలి. పోలికకు మొరం మీద, రేగడి మీద విడివిడిగా పది మీటర్ల చదరపు మడులకు పూర్తి కంచె వేసి, లోపలా బయటా ఏటా ఆశ్వయుజంలో దుబ్బులు లెక్కించాలి. మొత్తం గడ్డి బరువు కంటే సెహిమా, డైకాంథియమ్ దుబ్బుల సంఖ్యే నమ్మదగిన కొలత. తంగేడు మొలకలను వేరుగా లెక్కించాలి. కంచె లోపలే అవి ఎక్కువైతే మేత అవసరం ఎంతో తెలుస్తుంది.

మూడు నాలుగు వానాకాలాలు గడిచినా కంచె లోపల సెహిమా రాకపోతే, నేలలో దాని విత్తనం ఇక మిగల్లేదని అర్థం. అప్పుడు విశ్రాంతి ఒక్కటే పనిచేయదు, గింజ తెచ్చి చల్లాలి. ఆ గింజ కోసం ముందుగా వెతకాల్సిన చోట్లు మంద నోరు తక్కువగా పడినవి: వికారాబాద్–వాడి రైలు కట్ట వాలు, గుడి మాన్యాల గట్లు, పాత శ్మశానాల అంచులు.