పొగ నలుపుకు నంబర్లు

కలకత్తాలో పొగ మీద మొదటి చట్టం 1863లోనే వచ్చింది. అప్పటికి హుగ్లీ ఒడ్డున రిష్రాలో తొలి జనపనార మిల్లు మొదలై ఎనిమిదేళ్లే. మిల్లు మొదలైన 1855లోనే రాణిగంజ్ గనుల దాకా రైలు పడింది, బొగ్గు ఊళ్లోకి దిగసాగింది. లండన్ కోసం 1853లో చేసిన చట్టం బాటలోనే, కొలిమి తన పొగను వీలైనంత వరకు తానే కాల్చుకునేలా ఉండాలని ఈ చట్టమూ చెప్పింది. ఎంత పొగ వస్తే నేరమో చెప్పలేదు. తనిఖీకి తగిన యంత్రాంగమూ లేదు. ఇంకేముంది, నలభై ఏళ్ల పాటు చట్టం కాగితం మీదే ఉంది, మిల్లుల పొగ ఊరి మీద ఉంది.

కథ మలుపు తిరిగింది వైస్రాయ్ కర్జన్ కాలంలో. అప్పటి రాజధాని కలకత్తా ఆకాశం మసిబారడం ఆయనకు బొత్తిగా గిట్టేది కాదు. పైగా మక్రానా పాలరాతితో విక్టోరియా స్మారకం కట్టాలని సంకల్పించిన రోజులవి. తెల్లరాయికీ మసికీ పొత్తు ఎక్కడ కుదురుతుంది? లీడ్స్ నుంచి ఫ్రెడరిక్ గ్రోవర్ అనే ఇంజినీరును పిలిపించి ఊరి పొగను పరిశీలించమన్నారు. 1905లో బెంగాల్ పొగ చట్టం వచ్చింది, దానితోపాటు అమలు కోసం ఒక కమిషన్, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు.

ఈసారి కొలత ఉంది. మాక్సిమిలియన్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి ఆచార్యుడు 1880ల చివర తయారుచేసిన పటం అది. తెల్ల అట్ట మీద అడ్డంగా, నిలువుగా నల్లగీతల గళ్లు. గీతలు లావెక్కేకొద్దీ నలుపు 20 శాతం, 40, 60, 80. దాన్ని కొంత దూరంలో నిలబెట్టి చూస్తే గీతలు కలిసిపోయి బూడిదరంగుగా కనిపిస్తాయి. దాని పక్కనుంచి చిమ్నీ వైపు చూసి పొగ ఏ నంబరుకు సరిపోతుందో రాసుకోవడమే. ఉత్త తెలుపు 0, కటిక నలుపు 5. గడియారం చూసుకుంటూ ఏ నంబరు పొగ ఎన్ని నిమిషాలు వచ్చిందో లెక్కగడితే యజమాని ఇక బుకాయించలేడు. ఇంత చౌకైన సాధనం ఇంకో శాఖలో ఉండి ఉండదు.

తప్పు మాత్రం తరచూ బాయిలర్ ముందున్న ఫైర్‌మన్ నెత్తిన పడేది. పారతో బొగ్గు ఒక్కసారిగా కుమ్మరిస్తే గాలి చాలక నల్లపొగ లేస్తుంది. కొద్దికొద్దిగా, పలచగా పరిస్తే మంట శుభ్రంగా మండుతుంది. పనివాడికి నేర్పితే కొంత పొగ తగ్గే మాట నిజమే. కానీ ఇరుకు బాయిలర్‌తో ఎక్కువ ఆవిరి పిండుకోవాలనుకునే యజమాని ఆశను ఆ పార ఏం చేయగలదు?

పటానికి కంటికి కనిపించేదే లెక్క. బొగ్గులోంచి వచ్చే గంధకపు వాయువుకు రంగు లేదు కాబట్టి దానికి నంబరూ లేదు. ఇంటి వంటపొయ్యిని చట్టం వదిలేసింది, శ్మశానపు చితినీ వదిలేసింది. శీతాకాలపు సాయంత్రాల్లో బస్తీల్లో బొగ్గుల పొయ్యిలు ఒకేసారి అంటుకునేవి. గాలి ఆడక ఆ పొగ నేలబారున పేరుకుని గొంతు పట్టేసేది. పేదవాడి పొయ్యి మీద జరిమానా వేయకపోవడం న్యాయమే. అతనికి పొగ తక్కువ వచ్చే ఇంధనం అందించే పనిని ఆ చట్టం తలకెత్తుకోకపోవడమే లోపం.

బొంబాయి 1912లో ఇలాంటి చట్టమే తెచ్చుకుంది. ఊరికొక చట్టంగా నడిచిన ఈ వ్యవహారంలో దేశమంతటికీ వర్తించే వాయు కాలుష్య చట్టం 1981లో గానీ రాలేదు.