తీన్‌మార్ ఒక్కటే కాదు

శంషాబాద్ విమానాశ్రయం నుంచి మామిడిపల్లి, పహాడీషరీఫ్ మీదుగా పాతబస్తీ వైపు వస్తే బార్కస్ తగులుతుంది. బ్యారక్స్ అన్న మాట మా నాలుకల మీద బార్కస్ అయింది. నిజాం కొలువుకు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు ఉన్న చోటది. ఆఫ్రికా మూలాల సిద్దీల గుర్రపుదళం పేరేమో మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ బస్తీకి మిగిలింది. మర్ఫా వీళ్ళ బాజా. చిన్న నగారా, డఫ్, డోలు, కర్రలు.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. కొలువులు పోయాయి. అరబ్బులు ఎందరినో నిర్బంధించి సముద్రం దాటించారు. మిగిలినవాళ్ళ చేతుల్లో తుపాకి లేదు, మర్ఫా ఉంది. కొందరికి అదే బతుకుదెరువైంది. మా బారాత్‌లలోనే కాదు, హిందువుల పెళ్ళిళ్ళలో, ఎన్నికల్లో గెలిచినవాడి ఊరేగింపులో కూడా అది మోగింది. అందరూ ఎగిరారు. వాయించేవాడెవడని అడిగినవాళ్ళెందరు? తెలుగువాళ్ళ సంగీత చరిత్రల్లో దానికి దొరికిన చోటెంత? మావాళ్ళూ తక్కువేం కాదు. బాజా హరామంటారు, ఖర్చు దండగంటారు. ఖర్చు మాట ఒప్పుకుంటాం.

వినేవాళ్ళు వాయించేవాళ్ళను ఎలా కట్టేస్తారో ఇంగ్లండు కథ ఒకటి చెబుతుంది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి 1950ల చివర జమైకాలో స్కా సంగీతాన్ని పుట్టించింది. వలసవచ్చిన జమైకన్లతో అది ఇంగ్లండు చేరింది. కోవెంట్రీలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి నడిపిన స్పెషల్స్ బ్యాండు 1979లో తొలి ఆల్బం తెస్తే జనం ఊగిపోయారు. 1980లో రెండోది, మోర్ స్పెషల్స్. జెర్రీ డామర్స్ అందులో సినిమా నేపథ్య సంగీతం లాంటివీ, హోటళ్ళలో వినిపించే మెత్తటి బాణీలూ కలిపాడు. అది బ్రిటన్ అమ్మకాల పట్టికలో 5వ స్థానం దాకా వెళ్ళింది. అయినా పాత దరువే కావాలన్న అభిమానులు మొహం చిట్లించారు. 1981లో బ్యాండే విడిపోయింది.

స్కాకీ మర్ఫాకీ చుట్టరికం కలపడం లేదు మేం. వినేవాళ్ళ తీరు ఒకటేనంటున్నాం. సిద్దీల పాటల్లో స్వాహిలి మాటలుండేవి. ఇప్పుడు తీన్‌మార్ కొట్టు అన్న కేకే వినబడుతుంది. (తీన్‌మార్ డప్పుదా, మర్ఫాదా అన్న తగువు మాకొద్దు. రెండూ కిందివాళ్ళ బాజాలే.) 2008లో విమానాశ్రయం మొదలయ్యాక శంషాబాద్ చుట్టూ ఫంక్షన్ హాళ్ళు పెరిగాయి. వాటిలో మర్ఫా దరువును డీజే పెట్టెలోంచి వినిపిస్తున్నారు. దరువు మాదే, కూలి మాత్రం పెట్టె వాడిది.