కుక్కల జాతులు, కట్టుబాట్లు

మనుష్యుడు మచ్చిక చేసిన జంతువులలో మొదటిది కుక్క. జర్మనీలోని బాన్ నగరము వద్ద, ఓబర్‌కాసెల్ అనుచోట, సుమారు 14 వేల ఏండ్ల నాటి సమాధిలో మనుష్యుల ఎముకలతోపాటు కుక్క ఎముకలు కూడ దొరికినవి. కాని నేడు మనకు కనిపించు వందలాది జాతులలో చాలా భాగము గత రెండు వందల ఏండ్లలో రూపు దిద్దుకొన్నవే. 1859లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున వేటకుక్కల పోటీ ప్రదర్శన జరిగినది. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్బు ఏర్పడి వంశావళులను నమోదు చేయసాగినది. అంతవరకు పనితనమును చూచి కుక్కను ఎన్నుకొనెడివారు. అటుపిమ్మట రూపమును, వంశమును చూచి ఎన్నుకొనసాగిరి.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. రూపము చెడకుండుటకై దగ్గరి రక్తసంబంధము గల కుక్కలను జతపరచుట పరిపాటి అయినది. తోబుట్టువులకు పుట్టిన పిల్లలో ఒక జన్యువు యొక్క రెండు ప్రతులును ఒకే పూర్వికుని నుండి వచ్చి ఉండుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. అందుచేత తరతరాలుగా మరుగున పడి ఉన్న లోపములు బయటపడును.

జాతి కుక్కకు గిరాకి పెరిగిన కొలది మరొక కీడు కూడ పుట్టినది. లాభాపేక్షతో ఆడకుక్కలను ఇరుకు బోనులలో ఉంచి, ఈత వెంట ఈత ఈనించు వ్యాపారము అనేక దేశములలో బయలుదేరినది. దానిని అరికట్టుటకే శాసనములు వచ్చినవి. బ్రిటనులో 1973 నాటి చట్టము, అమ్మకము నిమిత్తము పిల్లలను పెట్టించుటకై రెండింటికి మించి ఆడకుక్కలను ఉంచువారు లైసెన్సు పొందవలెనని విధించినది. 2018 నుండి ఇంగ్లండులో ఈ వృత్తిని వ్యాపారముగా సాగించువారికి గాని, 12 నెలలలో మూడు ఈతలు ఈనించి పిల్లలను అమ్మువారికి గాని లైసెన్సు ఉండవలెను. అనగా ముచ్చటకు ఒకటి రెండు కుక్కలను పెంచువానిని ఆ శాసనము సామాన్యముగా విడిచిపెట్టినది.

మన దేశములో రుక్మిణీదేవి అరండేల్ కృషి ఫలితముగా 1960లో జంతు హింసా నివారణ చట్టము వచ్చినది. 2015లో లా కమిషను తన 261వ నివేదికలో కుక్కల ప్రజననమునకు నియమములు అవసరమని చెప్పినది. 2017 మే 23న కేంద్రప్రభుత్వము వానిని ప్రకటించినది. పిల్లలను పెట్టించి అమ్మువారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావలెను, రుసుము రు. 5,000, గడువు రెండేండ్లు. 18 నెలలు నిండని ఆడకుక్కను జతపరచరాదు. దాని జీవితకాలములో ఐదు ఈతలకు మించరాదు. 8 వారములు నిండని పిల్లను అమ్మరాదు. ఇవన్నియు జీవశాస్త్రము ఒప్పుకొను నియమములే. అయితే ఒక్క కుక్క గలవానికిని, వంద కుక్కలు గలవానికిని ఇందులో భేదము లేదు.

ఈ నియమములు వెలువడుటకు ఏడు నెలల ముందే, 2016 అక్టోబరు 11న, మెదక్ నుండి విడివడి సంగారెడ్డి జిల్లా ఏర్పడినది. పటాన్‌చెరు, పాశమైలారం, రామచంద్రాపురం ప్రాంతములలోని కర్మాగారములలో షిఫ్టు ముగించుకొని వచ్చి, ఇంటి పెరటిలో ఒక జాతి కుక్కను సాకుకొను ఉద్యోగిని ఊహించుకొనుడు. రెండేండ్లలో అతని కుక్క ఒకే ఈతలో నాలుగు పిల్లలను పెట్టినదనుకొన్నచో, ఒక్కొక్క పిల్లపై పడు రుసుము రు. 1,250. అదే కాలములో 60 పిల్లలను అమ్ము వ్యాపారికి అది సుమారు రు. 83 మాత్రమే. అరికట్టదలచిన వానికి భారము తేలిక. విడిచిపెట్టవలసిన వానికి బరువు. చిన్నవాడు తప్పుకొన్నచో ఆ చోటును నింపువాడు పెద్ద వ్యాపారియే.

దీనివలన కలుగు నష్టము ముచ్చటతో తీరునది కాదు. కోస్తా ఆంధ్రలో, ముఖ్యముగా కొల్లేటి పరిసరములలో, జోనంగి అను కుక్క ఉన్నది. దాని వెంట్రుకలు మిక్కిలి పొట్టివి. బాతుల మందలను కాయుటకు దానిని వాడెడివారు. చేపల, రొయ్యల చెరువులు వ్యాపించి బాతుల పెంపకము తగ్గినకొలది ఆ కుక్కకు పని తగ్గినది, సంఖ్యయు తగ్గినది. సంఖ్య తగ్గిన జాతిలో దగ్గరి చుట్టరికపు జతలు తప్పవు. ఇటువంటి జాతి నిలువవలెనన్నచో వేరువేరు ఊళ్లలో, వేరువేరు ఇండ్లలో దానిని సాకువారు అనేకులు ఉండవలెను.

పటాన్‌చెరులోనే 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలగు పంటల విత్తన నమూనాలను లక్షా ఇరవై వేలకు పైగా చల్లని గదులలో భద్రపరచినది. విత్తనమును ఏండ్ల తరబడి అరలో దాచవచ్చును. కుక్కపిల్లను అట్లు దాచలేము. దాని జాతికి భాండాగారము మనుష్యుల పెరళ్లే.

2024 మార్చిలో కేంద్రప్రభుత్వము 23 రకముల కుక్కలను నిషేధింపవలెనని రాష్ట్రములకు ఉత్తరువు పంపగా, సంబంధించిన వారిని సంప్రదింపలేదను కారణముతో ఏప్రిలులో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దానిని త్రోసిపుచ్చినవి. ఇది గుర్తుంచుకొనదగిన పాఠము. మూగజీవిని బాధ నుండి కాపాడుట శాసనమునకు తగిన పనియే. వయస్సు, ఈతలు, టీకాలు అందరికిని ఒక్కటిగా ఉండవలసినదే. రుసుము, లెక్కలు మాత్రము పెంపకము యొక్క పరిమాణమును బట్టి ఉండుట న్యాయము. అప్పుడే కుక్కయు బాగుండును, దానిని ప్రేమతో సాకువాడును మిగులును.